పిల్లి ఒక దారిలో, నవ్వు ఇంకో దారిలో

ఈమధ్య అవ్వతో కలిసి అలిపిరి మెట్లెక్కాను. కింద కౌంటర్లో బ్యాగులు ఇచ్చేశాం. మనం మెట్ల దారిలో పోతాం, అవి బండిలో ఘాట్ రోడ్డు మీద వస్తాయి, కొండపైన తీసుకోవచ్చు. నాకేమో క్లబ్‌లో చెప్పాల్సిన టాపిక్ గుర్తొచ్చింది. "అవ్వా, సైంటిస్టులు బ్యాగుని కాదు, మనిషి బరువునే వేరే దారిలో పంపించారంట" అన్నా.

అవ్వ మెట్టు మీద ఆగిపోయింది. "అదేంది నాయనా, బరువు మనిషిలోనే కదా ఉండేది. అదొకటే యాడికి పోతాది?"

నా దగ్గర జవాబు లేదు. ఇంగ్లీషులో చదివినప్పుడు మాత్రం అంతా అర్థమైపోయిందనుకున్నా!

అసలు విషయం ఇది. 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' కథలో చెషైర్ పిల్లి మాయమైపోతుంది, దాని నవ్వు మాత్రం మిగులుతుంది. 2013లో యాకిర్ అహరొనోవ్, మరో ముగ్గురు శాస్త్రవేత్తలు క్వాంటమ్ ప్రపంచంలో ఇలాంటిది సాధ్యమే అని ఒక పేపర్ రాశారు. 2014లో వియన్నా టెక్నికల్ యూనివర్సిటీ వాళ్లు ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో న్యూట్రాన్లతో ప్రయోగం చేసి చూపించారు. ఇక్కడ పిల్లి అంటే న్యూట్రాన్, నవ్వు అంటే దాని స్పిన్. స్పిన్ వల్లే న్యూట్రాన్ ఒక చిన్న అయస్కాంతంలా ఉంటుంది.

అలిపిరి, శ్రీవారి మెట్టు రెండు దారులూ ఒకే కొండకి చేరినట్టు, సిలికాన్ స్ఫటికంలో న్యూట్రాన్ తరంగం రెండుగా చీలి మళ్లీ కలుస్తుంది. తేడా ఏంటంటే, ఒకే న్యూట్రాన్ తరంగం రెండు దారుల్లోనూ ఉంటుంది. మొదటి దారిలో స్పిన్ కుడివైపు, రెండో దారిలో ఎడమవైపు పెట్టారు. చివర్లో ఒక ఫిల్టర్ ఉంది. ఎడమ స్పిన్‌తో వచ్చిన వాటినే లెక్కపెడతారు.

ఇప్పుడు రెండు పరీక్షలు. న్యూట్రాన్లను కొంచెం పీల్చుకునే పలక మొదటి దారిలో పెడితే లెక్క మారలేదు, రెండో దారిలో పెడితే తగ్గింది. అంటే న్యూట్రాన్ రెండో దారిలో ఉందన్నమాట. చిన్న అయస్కాంత క్షేత్రం పెడితే మాత్రం రివర్స్: మొదటి దారిలో పెట్టినప్పుడే లెక్క మారింది. అంటే స్పిన్ మొదటి దారిలో ఉందా?

నేను ఇక్కడే ఆగిపోయి అవ్వకి కథ చెప్పేశా. కానీ ఫిల్టర్ని ఇంకోసారి చూడండి. మొదటి దారి తరంగానిది కుడి స్పిన్ కాబట్టి ఫిల్టర్ దాన్ని ఎలాగూ ఆపేస్తుంది. అక్కడ పలక పెట్టినా లెక్క ఎందుకు మారుతుంది? అయస్కాంత క్షేత్రం ఆ స్పిన్‌ని కొంచెం తిప్పితే, కొంచెం తరంగం ఫిల్టర్ దాటి రెండో దారి తరంగంతో కలుస్తుంది. సులువుగా ఉండాలని నా సొంత అంకెలు తీసుకుంటా: 1కి 0.1 కలిస్తే 1.1, దాని వర్గం 1.21. లెక్క బాగా మారింది. అదే క్షేత్రం రెండో దారిలో పెడితే పోయేది 0.1 వర్గం, అంటే 0.01 మాత్రమే. దాదాపు కనపడదు.

2015లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు కొందరు ఇదే వాదించారు: ఇది మామూలు తరంగాల కలయికే, విడిపోవడం కాదు అని. పైగా ఆ రెండు పరీక్షలూ వేర్వేరుగా చేసినవి. ఒకే న్యూట్రాన్‌ని పట్టుకుని "నువ్వెక్కడ, నీ స్పిన్ ఎక్కడ" అని ఎవరూ అడగలేదు. మన భాషలో చెప్పాలంటే, డేటాబేస్‌లో ముందే ఒక కండిషన్ పెట్టి, మిగిలిన వరసలు చూసి మొత్తం టేబుల్ గురించి మాట్లాడినట్టు. అవతలి పక్షం కూడా ఊరుకోలేదు. ఫిల్టర్ పెట్టడం తప్పేం కాదు, ఆ షరతులో క్వాంటమ్ సిద్ధాంతం ఇచ్చే విలువలు నిజమైన సమాచారమే అంటారు. వాదన ఇంకా తెగలేదు.

అంకెల గురించి గొడవ లేదు, ప్రయోగం నిజమే. తేడా అంతా "సున్నా వచ్చింది" అనడానికీ "అక్కడ లేదు" అనడానికీ మధ్య ఉంది. ఇంగ్లీషులో ఆ తేడా నాకు తెలియకుండానే దాటేశా. తెలుగులో అవ్వకి చెప్పబోతే అక్కడే తట్టుకుని పడ్డా.

మొన్న చిత్తూరుకి ఫోన్ చేసి చెప్పా: "అవ్వా, బరువు వేరే దారిలో పోయిందని చెప్పలేం. కొండపైన కొందరినే లెక్కపెడితే అట్లా కనపడింది, అంతే."

"ఆ మాట ఆపొద్దే చెప్పుంటే సరిపోయేది కదా" అంది.