‘బ్లీడింగ్ మద్రాస్’ అనగానేమి?

ఆంగ్లంలో ‘మద్రాస్’ అనగా ఊరు మాత్రమే కాదు, రంగునూలు గళ్ళబట్ట కూడా. 1639లో ఆంగ్ల కంపెనీవారు ఇక్కడ చోటు సంపాదించినది బట్టల వర్తకం కొరకే. కోట పక్కన వెలసిన పేటయే నేటి మన జార్జి టౌన్. ఓడలెక్కిన బట్టకు ఊరిపేరు నిలిచినది. 1996లో ఊరు చెన్నై అయినను బట్ట పేరు మారలేదు.

‘బ్లీడింగ్’ అనగా నెత్తురు కారుట. బట్టకైతే రంగు కారుట. ఉతికినకొద్దీ రంగులు ఒకదానిలోకొకటి దిగే ఈ గళ్ళబట్టను 1960లలో అమెరికా దుకాణాలవారు ‘రంగు తప్పక కారును’ అని ముందే చెప్పి అమ్మినారు. కొన్నవారు మురిసిపోయినారు.

సోదరులారా! చెప్పి అమ్మిన రంగు సొగసైనది. చెప్పక అమ్మిన అదే రంగు తగవైనది. గిరాకీకి ముందే చెప్పుదము.