జోలపాట ముగిసిన తరువాత

మధ్యాహ్న భోజనములు ముగిసినవి. విస్తళ్ళు ఎత్తివేసి, వంటయిల్లు శుభ్రము చేసి, ఇల్లాలు చంటిబిడ్డను చీరఉయ్యాలలో పరుండబెట్టినది. పాతచీర కొసలు రెండును దూలమునకు ముడివేసి ఉన్నవి. ఒక చేత ఉయ్యాల ఊపుచు, రెండవ చేత విసనకఱ్ఱ విసరుచు, ఆమె సన్నని గొంతుతో జోలపాట ఎత్తుకొన్నది. బిడ్డ కన్నులు సగము మూతపడినవి. ఆమె ఊపు తగ్గించినది. కన్నులు తెరచుకొన్నవి. మరల ఊపు, మరల పాట. పెరటిలో ఆరబోసిన మిరపకాయలను తిరుగవేయవలసి ఉన్నది. పెద్దవాని చొక్కాకు బొత్తాము కుట్టవలసి ఉన్నది. నాలుగు దినముల క్రిందట సగము చదివి విడిచిన వారపత్రిక గూటిలో ఉన్నది. అన్నిటికంటె ముందు, ఒక్క అరగంట గోడకు చేరగిలబడి కన్ను మూయవలెనని ఆమె నడుము మొరపెట్టుకొనుచున్నది.

ఈ దృశ్యమును ఎరుగని తెలుగువారు లేరు. కాలము మారినది. చీరఉయ్యాల అనేకుల ఇండ్లలో ఊచల తొట్టి అయినది. భార్యాభర్తలిద్దరును ఉద్యోగమునకు పోవు ఇంట ఆ మధ్యాహ్నపు వేళ రాత్రి పదిగంటల వేళ అయినది. వారపత్రిక ఉండిన చోట చేతిఫోను చేరినది. కాని నిద్రకు లొంగని బిడ్డకును, ఆ నిద్రకొరకు ఎదురుచూచు తల్లికిని నడుమ సాగు చిన్న పోరాటము మాత్రము అట్లే ఉన్నది. బిడ్డకు నిద్ర అవసరము. బిడ్డ నిద్ర తల్లికి అంతకంటె అవసరము. జోలపాటను గురించి రసజ్ఞులు ఎంతయో చెప్పినారు. ఆ పాట ముగిసిన తరువాత దొరకు గంటను గురించి కూడ ఒక మాట చెప్పుకొనవలసి ఉన్నది. ఆ గంట ఊరక రాదు. దానికి ఎవరో ఒకరు వెల చెల్లించుచునే ఉన్నారు.

తెలుగు కవులు జోలను దేవుని సన్నిధికి చేర్చినారు. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) శ్రీహరిని పసిబాలునిగా భావించి జోలలు, లాలులు పాడినాడు. తిరుమలలో రాత్రి జరుగు ఏకాంతసేవలో తాళ్ళపాకవారి లాలి నేటికిని వినవచ్చును. త్యాగరాజస్వామి (1767–1847) ఉత్సవ సంప్రదాయ కీర్తనలలో శ్రీరాముని ఊయలలో ఉంచి లాలించినాడు. లోకములను మేలుకొలుపు వానిని నిద్రపుచ్చుటలో ఒక మహానందము ఉన్నది. అయితే దేవుడు ఉయ్యాలలో మారాము చేయడు. మూడవ చరణము ముగియునప్పటికి లేచి కూర్చుండడు. పాట పాడిన భక్తుడు తలుపులు మూసి తృప్తిగా ఇంటికి పోవును.

పురాణములలో ఉయ్యాలకు మరియొక గౌరవము కలదు. మార్కండేయ పురాణమున మదాలస కథ ఉన్నది. తిక్కన శిష్యుడైన మారన ఆ పురాణమును తెనిగించినాడు. ఋతధ్వజ మహారాజు భార్యయైన మదాలస తన పసిబిడ్డలను లాలించుచునే ఆత్మతత్త్వము బోధించినది. మొదటి ముగ్గురు కుమారులును విరక్తులైనారు. రాజ్యము నేలువాడు లేకుండ పోవునని రాజు దిగులుపడి వేడుకొనగా, నాలుగవవాడైన అలర్కునకు ఆమె రాజధర్మములు నేర్పినది. ఉయ్యాలయే మొదటి బడి అని చెప్పదలచిన ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి కథ దొరకదు. కాని మదాలస రాణి. పాట ముగించి అంట్లు తోమవలసిన అవసరము ఆమెకు లేదు.

ఆ అవసరము ఉన్న స్త్రీలు తమ పాటలు తామే కట్టుకొన్నారు. నేదునూరి గంగాధరము, బిరుదురాజు రామరాజు మొదలగువారు శ్రమించి సేకరించిన జానపద గేయ సంపదలో జోలపాటలకు విశేష స్థానము కలదు. వాటిలో బిడ్డ పేరు మాత్రమే గాక, తల్లి పుట్టినిల్లు, రాబోవు మేనమామ, పొలమునకు పోయిన తండ్రి, వాకిట పొంచియున్న బూచి, అందరును వత్తురు. అర్థము తెలియని శ్రోత ఎదుట మనసులోని మాట చెప్పుకొనుటకు తల్లికి భయము లేదు. అత్తమామలు విన్నను అది బిడ్డను ఊరడించు పాటయే గదా.

స్త్రీల రామాయణపు పాటలలో నిద్రను గురించియే రెండు ప్రసిద్ధ గాథలు ఉన్నవి. ఒకటి ఊర్మిళాదేవి నిద్ర. భర్త అన్నగారి వెంట అడవికి పోగా, ఊర్మిళ పదునాలుగేండ్లు శయ్యపై నిద్రలో గడపినది. లక్ష్మణుడు తిరిగివచ్చి లేపగా ఆమె అతనిని గుర్తింపలేక పరపురుషుడని మందలించినది. రెండవది లక్ష్మణదేవర నవ్వు. వనవాస కాలమున తన దరికి రావలదని లక్ష్మణుడు నిద్రాదేవిని కోరినాడు. గడువు తీరగానే ఆమె నిండుసభలో ప్రత్యక్షము కాగా అతడు పకాలున నవ్వినాడు. సభలోని వారందరును ఆ నవ్వు తమను గురించియే అని ఎవరికి వారు సిగ్గుపడినారు. లక్ష్మణుని వంతు నిద్ర కూడ ఊర్మిళయే పోయినదని జనశ్రుతి.

వాల్మీకములో లేని ఈ గాథలను స్త్రీలు తరతరములుగా ఎందుకు పాడుకొన్నారు? వారికి నిద్ర విలువ తెలియును. ఒకరు మేలుకొనియున్ననే మరియొకరు నిద్రింపగలరని వారు ఎరుగుదురు. ఇంటిలో నిద్ర అనునది ఒకరి లెక్కనుండి మరియొకరి లెక్కకు మారు ధనము వంటిది. బిడ్డ నిద్రకొరకు తల్లి మేలుకొనును. మరి తల్లి నిద్రకొరకు మేలుకొను లక్ష్మణుడు ఎవరు?

ఈ ప్రశ్నకు పోవుటకు ముందు బిడ్డ పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. నిద్రపోకుండుట వాని దుడుకుతనము కాదు. అప్పుడే పుట్టిన శిశువునకు పగలు రాత్రి అను భేదము తెలియదు. దేహములోని గడియారము కుదురుకొనుటకు కొన్ని నెలలు పట్టును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన సూచనల ప్రకారము మూడు నెలలలోపు శిశువునకు రోజుకు 14 నుండి 17 గంటలు, నాలుగు మొదలు పదునొకండు నెలల వరకు 12 నుండి 16 గంటలు, ఒకటి రెండేండ్ల బిడ్డకు 11 నుండి 14 గంటలు, మూడు నాలుగేండ్ల వానికి 10 నుండి 13 గంటలు నిద్ర కావలెను. పగటి కునుకులు కూడ ఈ లెక్కలోనివే. ఇంత నిద్ర అవసరమైన ప్రాణియే నిద్రకు ఎదురుతిరుగుట వింతగా తోచును. కాని నిద్రపోవుట అనగా పసివానికి అమ్మను విడిచిపోవుట. అలసిన కొలది వాడు మరింత పేచీ పెట్టును.

అమ్మమ్మలకు తెలిసిన ఉపాయములను శాస్త్రజ్ఞులు ఇటీవల కొలిచి చూచినారు. జపాను దేశమందలి రైకెన్ పరిశోధనాలయమువారు 2022లో ఇరువదియొక్క మంది శిశువులను పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించినారు. ఏడ్చు బిడ్డను ఎత్తుకొని అయిదు నిమిషములు ఆగకుండ నడచినచో ఏడుపు తగ్గినది. సుమారు సగముమంది ఆ అయిదు నిమిషములలోనే నిద్రపోయినారు. వెంటనే ప్రక్కమీద దింపినచో అనేకులు లేచినారు. నిద్రపట్టిన తరువాత అయిదు మొదలు ఎనిమిది నిమిషములు ఒడిలోనే ఉంచుకొని కూర్చుండి, పిమ్మట దింపుట మేలని వారు చెప్పినారు. బిడ్డను మేల్కొలుపునది ప్రక్క తగులుట కంటె తల్లి దేహము దూరమగుట అని కూడ వారు గమనించినారు. అమెరికాలో 2020లో వెలువడిన మరియొక పరిశోధనలో, ఎన్నడును వినని పరభాషల జోలపాటలు విన్నప్పుడు కూడ శిశువుల గుండె వేగము తగ్గి, వారు నెమ్మదించినట్లు తేలినది. భుజముపై వేసికొని వసారాలో పచార్లు చేసిన తాతయ్యకు ఈ శాస్త్రము అంతయు పాదములలో ఉన్నది.

కాని ఎత్తుకొని నడచుటకు, నిద్రపట్టిన తరువాత ఒడిలో ఉంచుకొనుటకు తీరిక కావలెను. ఆ తీరిక లేని తల్లులు ఏమి చేసినారో చరిత్ర చెప్పును. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో మిల్లుల పట్టణములందు 'గాడ్‌ఫ్రే కార్డియల్' అను తియ్యని మందు అంగళ్ళలో బహిరంగముగా అమ్ముడుపోయినది. అందులో ఉన్నది నల్లమందు. పనికి పోవు తల్లులు, కూలికి బిడ్డలను చూచు ముసలమ్మలు దానిని పసివారికి పట్టించినారు. ఆ నిద్రలో బిడ్డకు ఆకలి తెలియదు. పాలు త్రాగదు. ఊపిరి మందగించును. కొందరు ఆ నిద్రనుండి లేవలేదు. బొంబాయి బట్టల మిల్లుల కార్మికవాడలలో అదే పనికి నల్లమందు 'బాలగోళీలు' ఉండినవి. భారత కార్మికుల పరిస్థితులను విచారించిన రాయల్ కమిషను 1931 నాటి నివేదికలో ఈ అలవాటును ప్రస్తావించి, కర్మాగారములలో శిశుసంరక్షణ గదులు ఉండవలెనని సూచించినది.

ఆ తల్లులకు ప్రేమ తక్కువ అని ఎవరు అనగలరు? మిల్లు కూతకు సమయము తక్కువ. యాబదిమందికి మించి స్త్రీలు పనిచేయు కర్మాగారములలో శిశువుల గది ఉండి తీరవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము శాసించినది. 1976లో ఆ సంఖ్యను ముప్పదికి తగ్గించినారు. ఒక గది, ఒక ఆయా, కొన్ని ఉయ్యాలలు: నల్లమందునకు విరుగుడు ఇంతే. నిద్రకొరకు బిడ్డకు దగ్గుమందు పట్టించు అలవాటు ఎక్కడనైన ఉన్నచో అదియు ప్రమాదకరమే అని ఉపాధ్యాయులు ఊరివారికి చెప్పవలసి ఉన్నది.

వెల చెల్లించినవారు పసివారు మాత్రమే కారు. పాఠశాలలో పనిచేసిన ప్రతి ఉపాధ్యాయునకు ఒక బాలిక తెలియును. మూడవ తరగతిలో చక్కగా చదివినది. ఎక్కములు తప్పు లేకుండ అప్పగించినది. నాలుగవ తరగతిలో హాజరుపట్టీలో ఆమె పేరు ఎదుట సున్నలు మొదలైనవి. ఇంటికి పోయి విచారింపగా, "ఏం చేయమంటారు పంతులుగారూ? నేను నాట్లకు పోతే చంటివాణ్ణి ఊపేదెవరు?" అని తల్లి అడిగినది. ఉయ్యాల ప్రక్కన తొమ్మిదేండ్ల అక్క నిలుచున్నది. ఆమె జోలపాట నేర్చినది. భాగహారము నేర్వలేదు. తల్లి వంతు మెలకువ కూతురి లెక్కలోనికి మారినది.

దీనిని గమనించిన విద్యావేత్త తారాబాయి మోదక్. ఆమె 1950వ దశకపు చివర, అనుతాయి వాఘ్ తోడుగా, మహారాష్ట్రలోని కోస్‌బాడ్ కొండమీద గిరిజన బాలబాలికలకు 'వికాసవాడి' నడపినది. పసివారి ఉయ్యాలలు, బాలవాడి, ప్రాథమిక పాఠశాల ఒక్క చోటనే అమర్చినది. తమ్ముని చంకనెత్తుకొని వచ్చిన అక్క వానిని ఉయ్యాలలో దింపి తరగతిలో కూర్చుండవచ్చును. బడి ఎదుట ఉయ్యాల కట్టుట ఎంత చిన్న పని! ఎంతమంది అక్కలకు అది అక్షరము! 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద వెలసిన అంగన్‌వాడీలకు కూడ ఈ దృష్టితో చూచినచో విలువ ఎక్కువ.

ఇక ఇంటిలోని లక్ష్మణుని సంగతి. 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, జీతము లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు అందుకు వెచ్చించినారు. ఇంటివారిని సాకు పనిలో పాల్గొన్న స్త్రీలు 134 నిమిషములు, పురుషులు 76 నిమిషములు వెచ్చించినారు. బడిలో ఈ అంకెలతో తీసివేతలు చేయించినచో పిల్లలు తమ ఇంటిని తామే చదువుకొందురు. రైకెన్ వారి అయిదు నిమిషముల నడకకు స్తన్యముతో పని లేదు. తండ్రి భుజము దానికి చాలును. లాలి పాడుటకు తండ్రి గొంతు పనికిరాదని అనుటకు వీలు లేదు. తెలుగువారికి తెలిసిన లాలులలో ఘనమైనవి పాడినవాడు అన్నమయ్యయే గదా.

చీరఉయ్యాల ఊపు నెమ్మదించినది. బిడ్డ పిడికిలి విడినది. తల్లి ఊపిరి బిగబట్టి, ఉయ్యాలనుండి చేయి తీసి, మునివేళ్ళపై రెండడుగులు వెనుకకు వేసినది. మిరపకాయల సంగతి ఆమె భర్త చూచుచున్నాడు. బొత్తాము సాయంకాలము కుట్టవచ్చును. గూటిలోని పత్రిక తీసి, గోడకు చేరగిలబడి, విడిచిన పుట వెదకి పట్టుకొన్నది. నాలుగు పంక్తులు చదువునప్పటికే ఆమె కన్నులు మూతపడినవి. వసారాలోనికి పరుగెత్తివచ్చిన పెద్దవాడు అమ్మను చూచి గుమ్మములోనే ఆగిపోయినాడు. పిదప పిలువకుండ, చప్పుడు చేయకుండ వచ్చి, క్రింద పడియున్న విసనకఱ్ఱ తీసికొని విసరసాగినాడు.