మోటారుహోమ్ సామాను అరలో తుప్పు మరమ్మతు

మోటారుహోమ్ అనగా వంట, నిద్ర, స్నానం వంటి నివాస సౌకర్యాలు గల మోటారు వాహనం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వీటి వాడకం ఎక్కువ. ఐయోవా రాష్ట్రం, ఫారెస్ట్ సిటీలోని విన్నెబాగో సంస్థ 1966లో వీటి తయారీని ప్రారంభించింది. అనేక మోటారుహోమ్‌లలో నివాస భాగానికి దిగువన, బయటి నుండి తెరచే సామాను అరలు ఉంటాయి. ఉక్కు రేకుతో చేసిన అర నేల పాత వాహనాలలో పైకి కనబడకుండా తుప్పు పడుతుంది.

కారణాలు

ఇనుము నీటితోను, ఆక్సిజన్‌తోను చర్య జరిపి జలయుత ఐరన్ ఆక్సైడుగా మారడమే తుప్పు పట్టడం. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ పాడైనపుడు వాన నీరు లోపలికి చేరి, నేలపై పరచిన తివాచీ క్రింద నిలిచిపోతుంది. చలి ప్రాంతాలలో మంచు కరగడానికి రోడ్లపై చల్లే ఉప్పు రేకు అడుగుభాగానికి అంటుకుంటుంది. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం కనుక తుప్పు వేగంగా పెరుగుతుంది. ఈ విధంగా రేకు రెండు వైపుల నుండి పలుచబడుతుంది.

గుర్తించడం

తివాచీని పూర్తిగా తొలగించి చూడాలి. రంగు ఉబ్బిన చోట్ల, అతుకుల వద్ద స్క్రూడ్రైవరుతో గట్టిగా నొక్కుతారు. దృఢమైన రేకు లొంగదు. తుప్పు తిన్న రేకులో మొన దిగబడుతుంది. నేలను మోసే యాంగిళ్ళను కూడా ఇదే విధంగా పరీక్షిస్తారు.

ప్రమాదాలు

బలహీనపడిన నేల ప్రయాణంలో ఊడి, సామాను రోడ్డుపై పడవచ్చు. రంధ్రాల ద్వారా ఇంజను లేదా జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నివాస భాగంలోకి చేరే అవకాశం ఉంది. రంగు, వాసన లేని ఈ వాయువు ప్రాణాంతకమైనది.

మరమ్మతు విధానం

* మొదట నీరు చేరే మార్గాన్ని కనుగొని మూసివేస్తారు.
* బ్యాటరీ తీగలు విడదీస్తారు. వెల్డింగుకు ముందు సమీపంలోని గ్యాస్ గొట్టాలను, ఇంధన ట్యాంకును నిప్పురవ్వలు చేరని విధంగా వేరుచేయడం తప్పనిసరి.
* తుప్పు తిన్న రేకును, దృఢమైన లోహం కనబడేవరకు కోసివేస్తారు. తుప్పుపై రంగు వేసినా, అతుకు వేసినా అది నిలువదు.
* పలుచని తుప్పు మిగిలిన చోట్ల తీగ బ్రష్షుతో రుద్ది, ఫాస్ఫారిక్ ఆమ్లం గల ద్రావణం పూస్తారు. అది తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది.
* కొత్త రేకును వెల్డింగుతో లేదా రివెట్లతో బిగించి, అతుకులకు సీలెంటు, రెండు వైపులా ప్రైమరు, రంగు వేస్తారు.

జింకు పూత గల రేకును వెల్డింగు చేసేటపుడు వెలువడే పొగను పీల్చితే చలిజ్వరం వంటి లక్షణాలు కలుగుతాయి. కనుక అతికే చోట పూతను ముందుగా తొలగించాలి. అల్యూమినియం రేకును ఉక్కు చట్రానికి నేరుగా తగిలిస్తే, తేమ సమక్షంలో అల్యూమినియం క్షయమవుతుంది. అందువలన రెండింటి మధ్య రబ్బరు వంటి పొరను ఉంచుతారు.

నివారణ

తివాచీకి బదులు గాలి ఆడే రబ్బరు జాలీ పరచడం, రబ్బరు పట్టీలను ఏటా పరీక్షించడం, చలికాలం ముగియగానే వాహనం అడుగుభాగాన్ని మంచినీటితో కడగడం వలన తుప్పు తిరిగి రాకుండా చాలావరకు అరికట్టవచ్చు.