తాళపుచెవి యెవరిది?

ఉత్తరమునకు లక్కముద్ర వేయుట పూర్వాచారము. ముద్ర చెక్కుచెదరక చేరినచో, లోని మాటలు పరుల కంటబడలేదని నమ్మకము కుదిరెడిది. నేటి ఈ-మెయిలునకు సామాన్యముగా అట్టి ముద్ర లేదు. దారిలో దానికి రక్షణ యున్నను, జాబులను భద్రపరచు సంస్థ కంప్యూటరులో అది విప్పిన జాబే. ఆ సంస్థ చదువదలచినను, ప్రభుత్వము చదివింపదలచినను వ్రాసినవానికి తెలియకపోవచ్చును.

దీనికి మార్గము గణితము చూపినది. తాళము వేయుటకును తీయుటకును ఒకే చెవి యైనచో, దూరముననున్న మిత్రునకు ఆ చెవిని పంపుటెట్లు? నడుమ దానిని అపహరించినవానికి ప్రతి జాబును తెరచిన పుస్తకమే. 1976లో అమెరికాలో డిఫీ, హెల్‌మన్ అను నిరువురు ఈ చిక్కు విప్పు త్రోవను ప్రకటించిరి. మరుసటి యేడు రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను మువ్వురు దానికి ఆచరణయోగ్యమైన రూపమిచ్చిరి. దాని సారమిది: ఒకడు తాళపుకప్పలను ఊరందరికి పంచిపెట్టి, చెవిని మాత్రము తన మొలత్రాటికి కట్టుకొనును. కప్పను నొక్కి మూయుట యెవరికైనను సాధ్యమే, తెరచుట అతనికొక్కనికే. ఇచ్చట చెవి యనగా ఇనుపతునక కాదు, మిక్కిలి పెద్ద సంఖ్య. అది యజమాని కంప్యూటరులోనో ఫోనులోనో యుండును.

1991లో ఫిల్ జిమ్మర్‌మన్ ఈ విద్యను 'పీజీపీ' అను పేర సామాన్యులకు ఉచితముగా నందించెను. అమెరికా చట్టము గూఢలిపిని యుద్ధసామగ్రిలో జేర్చి, ఎగుమతికి అడ్డుకట్ట వేసిన దినములవి. ఆయనపై 1993లో విచారణ మొదలయ్యెను. 1995లో ఆ ప్రోగ్రామునంతటిని ఎం.ఐ.టి. ముద్రణాలయము గ్రంథముగా వెలువరించినది. పుస్తకమును ఆయుధమనుట యెట్లు? 1996లో ప్రభుత్వము అభియోగము మోపకయే విచారణను విరమించినది.

చెవి యెవరి చేత నుండవలెనో 2013 సంవత్సరము చాటినది. టెక్సాస్‌లోని లావాబిట్ అను ఈ-మెయిలు సంస్థను, చందాదారులందరి రాకపోకలను కాపాడు చెవిని అప్పగింపుమని న్యాయస్థానము ఆదేశించినది. అధిపతి లేడార్ లెవిసన్ దానిని కంటికానని యక్షరములలో 11 పుటలుగా అచ్చొత్తి యిచ్చెను. దినమునకు 5,000 డాలర్ల జరిమానా పడెను. తుదకు చెవి నిచ్చి, ఆగస్టు 8న సంస్థనే మూసివేసెను. వెదకినది ఒక్కని జాబులకే. ఆ చెవి తెరచునది అందరి తలుపులను. ఎవరి చెవి వారియొద్దనే యున్నచో, సంస్థ అప్పగింపగలిగినవి మూసిన జాబులు మాత్రమే.

అయినను ఈ తాళము లోపలి మాటలనే దాచును. ఎవరు ఎవరికి ఎప్పుడు వ్రాసిరో దాచదు. చెవిని పోగొట్టుకొన్నవానికి మారుచెవి చేసియిచ్చు కమ్మరియు లేడు; తన జాబులు తనకే మూతపడును. తాళపుచెవుల గుత్తిని కొంగున ముడివేసికొన్న యిల్లాలికి ఇంటిపై నధికారమును గలదు, నిదురలోను తడిమి చూచుకొను బాధ్యతయు గలదు. ఆ రెంటిలో ఒకదానిని విడిచి మరొకదానిని కోరుట పొసగదు.