రేగడి బురదలో ఆల్టర్నేటర్: అపోహలు – వాస్తవాలు

ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్ళు వదిలారంటే కృష్ణా డెల్టాలో దమ్ము పనులు ఊపందుకుంటాయి. కేజ్ వీల్స్ తగిలించుకున్న ట్రాక్టర్లు పగలు చాలక రాత్రి కూడా లైట్లు వేసుకుని చేలో దిగుతాయి. కోతల నాటికి వరికోత మెషిన్లదీ అదే వరస. ఆ లైట్లకు కరెంటు ఇచ్చేది, బ్యాటరీని నింపేది ఇంజను పక్కన బెల్టు మీద తిరిగే ఆల్టర్నేటర్. దాని చుట్టూ పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు నిక్షేపంలాంటి ఆల్టర్నేటర్‌ను కూడా షెడ్డుకు పంపిస్తున్నాయి.

అపోహ: ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకితే బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టే.

వాస్తవం: ఇంతకు మించి నష్టం చేసే పరీక్ష మరొకటి లేదు. పాత తరహా డీజిల్ ట్రాక్టర్లలో ఇంధనాన్ని కొట్టేది మెకానికల్ పంపు. ఇంజను ఒకసారి అందుకున్నాక కరెంటుతో దానికి పని లేదు. కాబట్టి ఆల్టర్నేటర్ పూర్తిగా చచ్చినా బండి నడుస్తూనే ఉంటుంది, పరీక్షలో తేలేది సున్నా. నష్టం మాత్రం నిజం. చార్జింగ్ జరుగుతుండగా బ్యాటరీ ఒక్కసారిగా ఊడితే వోల్టేజీ క్షణంలో పదుల వోల్టులు ఎగబాకుతుంది. ఆ దెబ్బకు డయోడ్లు, రెగ్యులేటర్ కాలిపోవచ్చు. కొత్త జీపుల్లోనైతే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ కూడా పోయే ప్రమాదం ఉంది.

సరైన పరీక్షకు చిన్న మల్టీమీటర్ చాలు. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ, ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక, 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజను మీడియం రేసులో ఉన్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి. లైట్లన్నీ వేసినప్పుడు 13 వైపు జారిపోతుంటే బెల్టు, టెర్మినల్స్, ఎర్త్ వైరు, ఆ తర్వాతే ఆల్టర్నేటర్ చూడాలి. 15 దాటితే తప్పు రెగ్యులేటర్‌ది.

అపోహ: ఎక్కువ ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెడితే బ్యాటరీ ఉడికిపోతుంది.

వాస్తవం: ఆంపియర్లు తోసేవి కావు, అవసరం కొద్దీ లాక్కునేవి. వోల్టేజీని రెగ్యులేటర్ కట్టడి చేస్తున్నంత కాలం బ్యాటరీకి భయం లేదు. లెక్క వేసుకుని కొనడమే తెలివి. ఒక్కోటి 55 వాట్ల చొప్పున నాలుగు లైట్లంటే 220 వాట్లు, అంటే సుమారు 16 ఆంపియర్లు. దీనికి బ్యాటరీ చార్జింగు, హారన్ కలిపి, పైన కొంత మిగులు ఉంచుకోవాలి. ఆల్టర్నేటర్ మీద రాసిన అంకె పూర్తి వేగంలో ఇచ్చేది. స్లో రేసులో అంత రాదు. పెద్దది బిగించేటప్పుడు మెయిన్ వైరు, ఫ్యూజు కూడా ఆ కరెంటును మోసేవి కావాలి.

అపోహ: మీటర్‌బోర్డు మీద ఎర్ర లైటు ఆరితే చార్జింగ్ భేషుగ్గా ఉన్నట్టు.

వాస్తవం: డయోడ్ ఒకటి పోయి కరెంటు తగ్గినా లైటు ఆరిపోవచ్చు. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే ఇంకా జాగ్రత్త పడాలి. చాలా ఆల్టర్నేటర్లలో రోటార్‌కు తొలి కరెంటు అందేది ఆ బల్బు గుండానే. బల్బు మాడితే చార్జింగే మొదలు కాకపోవచ్చు.

అపోహ: నీళ్ళలో మునిగితే రెండు రోజులు ఎండబెడితే సరి.

వాస్తవం: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వైపు వీధులు మునిగినప్పుడు ట్రాక్టర్లు ఆ నీళ్ళలోనే తిరిగి జనాన్ని, ఆహారాన్ని చేరవేశాయి. అలాంటి నీటిలో ఒండ్రు ఉంటుంది. చల్లగాలి కోసం వదిలిన కంతల గుండానే అది ఆల్టర్నేటర్ లోపలికి పోతుంది. నీరు ఆరినా ఒండ్రు మిగిలి స్లిప్ రింగులను, కార్బన్ బ్రష్‌లను ఆకురాయిలా అరగదీస్తుంది. బేరింగ్ గ్రీజు కూడా చెడుతుంది. మునిగిన బండికి తాళం తిప్పకుండా ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి. ఆల్టర్నేటర్ విప్పించి శుభ్రం చేయించి, వైండింగ్ ఆరబెట్టించాలి. దమ్ము అయ్యాక ప్రెషర్ నీళ్ళు నేరుగా దాని మీద కొట్టకూడదు. నాగాయలంక, కోడూరు లాంటి సముద్రపు గాలి తగిలే చోట టెర్మినల్స్‌కు చిలుము త్వరగా పడుతుంది కనుక శుభ్రం చేసి వ్యాజలీన్ రాయడం మంచిది.

అపోహ: బెల్టు ఎంత బిగిస్తే అంత చార్జింగ్.

వాస్తవం: అతిగా బిగిస్తే బేరింగులు పోతాయి, వదులైతే బెల్టు జారుతుంది. పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే ఎంత దిగాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది.

అపోహ: ఒకసారి పోయిందంటే కొత్తది కొనాల్సిందే.

వాస్తవం: విజయవాడ ఆటోనగర్‌లో బ్రష్‌లు, బేరింగులు, డయోడ్ ప్లేటు, రెగ్యులేటర్ విడివిడిగా మారుస్తారు. స్టేటర్ వైండింగ్ నల్లగా మాడినా, స్లిప్ రింగులు బాగా గాడి పడినా కొత్తది తీసుకోవడమే మేలు. బాగు చేయించుకున్నాక కూడా ఒక జాగ్రత్త: కేజ్ వీల్‌కో హుక్కుకో బండి మీదే వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీతోపాటు ఆల్టర్నేటర్ వైర్లు కూడా ఊడదీయాలి. లేదంటే కొత్త డయోడ్లు కూడా ఆ పూటే పోవచ్చు.