డప్పు దరువు – బాలికల సాధికారత: మేడ్చల్, శామీర్‌పేట నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

డప్పు వాదన మాదిగ పురుషునికి నిర్బంధమైంది, బాలికకు నిషేధమైంది. బృందవాదనను బాలికల సాధికారతకు సాధనంగా ఎంచుకున్నప్పుడు ఈ రెండు చరిత్రలనూ కలిపి చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: డప్పు, దరువు, బృందవాదన, కులం, లింగవివక్ష, సాధికారత.

1. ఉపోద్ఘాతం

మేడ్చల్, శామీర్‌పేట హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న శివారు ప్రాంతాలు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఇవి భాగం. ఒకవైపు జీనోమ్ వ్యాలీ పరిశోధనశాలలు, మరొకవైపు చెరువులు, గ్రామదేవతల గుళ్ళు. బోనాల వేళ ఇక్కడి స్త్రీలు తలపై బోనం ఎత్తుకొని డప్పు దరువుకు అనుగుణంగా అడుగు వేస్తారు. ఆ దరువును నడిపించే పుల్లలు మాత్రం సాధారణంగా పురుషుల చేతిలోనే ఉంటాయి. ఆ పుల్లలు బాలికల చేతికి వస్తే ఏమి మారుతుందన్నది ఇక్కడి ప్రశ్న.

2. వాద్యం – కులం – లింగం

గుండ్రని చెక్క చట్రానికి మేక తోలునో దూడ తోలునో బిగించి డప్పు చేస్తారు. మంట సెగకు కాచి, తోలు బిగువెక్కిన తరువాత కుడిచేతి చిర్రతో, ఎడమచేతి చిటికెనపుల్లతో వాయిస్తారు. జాతరకు, పెండ్లికి, చావుకు దరువులు వేరు. తోలుతో, చావుతో గల సంబంధం వల్ల డప్పుకు అంటరానితనం అంటుకొంది; చాటింపు, చావుడప్పు మాదిగలకు వెట్టిగా మారాయి. 1994లో ఆరంభమైన మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా నిలిపింది. అయినా ఆ గౌరవంలో స్త్రీకి దక్కిన వాటా స్వల్పం.

తాళవాద్యాలకు స్త్రీల చేతిబలం చాలదన్న వాదన నిలవదు. మృదంగ విదుషీమణి దండమూడి సుమతీ రామమోహనరావు 2021లో పద్మశ్రీ పురస్కారానికి ఎంపికయ్యారు. అడ్డంకి దేహంలో లేదు, ఆచారంలో ఉంది.

3. బృందవాదన స్వభావం

బృందవాదనలో ప్రతి బాలికా రెండు పనులు ఏకకాలంలో చేయాలి: తన దెబ్బను తప్పకుండా నిలుపుకోవడం, పక్కవారి దెబ్బను వినడం. ఒకరు వేగం పెంచితే దరువు చెదురుతుంది. ఒకరు జంకితే దరువులో వెలితి తెలుస్తుంది. దరువు నడిపే బాధ్యత వంతులవారీగా మారినప్పుడు నాయకత్వం అనుభవంలోకి వస్తుంది. పాఠం చదవలేని పిల్ల కూడా దరువు పట్టగలదు. పలు భాషల వలస కుటుంబాలున్న శివారు పాఠశాలల్లో ఇది విలువైన అంశం. నెమ్మదిగా మాట్లాడమని నిత్యం వినే బాలిక బహిరంగ స్థలంలో పెద్ద శబ్దం చేయడం సాధికారతలో తొలిమెట్టు.

4. ఇతర ప్రాంతాల అనుభవం

తమిళనాడులోని దిండుక్కల్‌లో శక్తి జానపద సాంస్కృతిక కేంద్రం దళిత యువతులకు పఱై వాదన నేర్పి ప్రదర్శనలిప్పించింది. పట్నా సమీపంలోని ఢిబ్రా గ్రామంలో మహాదళిత స్త్రీలు, సుధా వర్గీస్ స్థాపించిన నారీ గుంజన్ సంస్థ తోడ్పాటుతో, బ్యాండు బృందంగా ఏర్పడి పెండ్లిళ్ళలో వాయిస్తూ ఆదాయం పొందారు. మొదటి ఉదాహరణ వాద్యానికి అంటిన అవమానాన్ని ఎదిరించింది. రెండవది వాదనను వేతనంతో ముడిపెట్టింది.

5. అన్వయం

మేడ్చల్, శామీర్‌పేట పాఠశాలల్లో బృందవాదనను ప్రవేశపెట్టేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం. వంశపారంపర్య డప్పు కళాకారులను గురువులుగా నియమించి తగిన వేతనమివ్వాలి. అన్ని కులాల బాలికలూ కలిసి నేర్చుకోవాలి. లేనిపక్షంలో దళిత బాలికపై పాత వృత్తినే మళ్ళీ మోపినట్లవుతుంది. వాద్యం వెనుక ఉన్న వెట్టి చరిత్రను పాఠంగా చెప్పాలి.

6. ముగింపు

చరిత్రను దాచి నేర్పే దరువు వార్షికోత్సవ ప్రదర్శనగా మిగిలిపోతుంది. డప్పును స్వేచ్ఛగా ఎంచుకొనే హక్కు, వద్దనే హక్కు రెండూ బాలికకు ఉన్నప్పుడే ఆ దరువు ఆమెదవుతుంది.