మీకు తెలుసా? హైలైటర్ ఎంత పూసినా...

పుస్తకమంతా పసుపు గీతలతో నిండితేగానీ కొందరు విద్యార్థులకు చదివిన తృప్తి ఉండదు. 2013లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ డన్‌లాస్కీ బృందం పది చదువు పద్ధతులను బేరీజు వేస్తే, గీతలు గీయడం, చదివిందే చదవడం రెండూ వెనకబడ్డాయి.

2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగం ఇంకా గమ్మత్తైనది. ఒక గుంపు పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. మరో గుంపు ఒక్క విడత చదివి, పాఠం పక్కన పెట్టేసి, గుర్తున్నదంతా కాగితం మీద మూడుసార్లు రాసింది. ఐదు నిమిషాలకే అడిగితే చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం, రాసినవాళ్లకు 71. వారం ఆగి అడిగితే లెక్క తిరగబడింది: చదివినవాళ్లకు 40, రాసినవాళ్లకు 61!

అన్నట్టు, వారం తర్వాత కూడా బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగు విడతలు చదివినవాళ్లే.